ఆ ఫొటోలో మొసలికి అంత దగ్గరగా నిలబడకూడదండీ

ఎడిటర్ గారికి నమస్కారమండి.

నేను ఉండేది అమెరికాలో, హ్యూస్టన్ లో. మీ పేపర్ మాత్రం రోజూ ఫోన్లో చదువుతాను, ఆదివారం అనుబంధం అయితే మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వదలను. రెండు వారాల కిందట అందులో అమెరికాలో మనవాళ్ళు వీకెండ్ కి ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చో రాశారు కదా, దాంట్లో మాకు గంట దూరంలో ఉన్న బ్రాజోస్ బెండ్ స్టేట్ పార్క్ పేరు కనిపించేసరికి భలే సంతోషమేసింది. పక్కనే ఉన్న ఫొటో చూశాక ఆ సంతోషం కాస్తా పోయింది. చెరువు గట్టు మీద ఒక ఎలిగేటర్, అంటే ఇక్కడి మొసలి జాతి జంతువు, ఎండ కాచుకుంటూ పడుకుని ఉంది, దాని వెనకాలే ఓ కుటుంబం, నాలుగైదేళ్ళ పిల్లాడితో సహా, నిలబడి నవ్వుతున్నారు. కింద "మొసలితో సరదాగా" అని రాశారు. ఆ పిల్లాడికీ దానికీ మధ్య పది అడుగులు కూడా లేవండి.

ఆ కుటుంబాన్ని తప్పుపట్టాలని ఇది రాయట్లేదు, వాళ్ళెవరో కూడా నాకు తెలీదు. చెప్పేవాళ్ళు లేకపోతే ఎవరికి మాత్రం ఏం తెలుస్తుంది, మేం మొదటిసారి వెళ్ళినప్పుడు మా ఆయన కూడా ఇంకొంచెం దగ్గరికెళ్ళి తీస్తానని ఫోన్ పట్టుకుని నాలుగడుగులు వేశారు, అక్కడ వాలంటీర్ గా ఉన్న ఓ పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపి, కోప్పడకుండా, ఎందుకు వెళ్ళకూడదో పది నిమిషాలు నిలబెట్టి చెప్పారు. ఆయన ఆరోజు చెప్పకపోతే మా ఫొటో కూడా అలాగే ఉండేదేమో. కానీ పేపర్లో పడిన ఫొటో ఊరంతా చూస్తుంది కదండీ, చూసినవాళ్ళు రేపు పిల్లల దగ్గరికి అమెరికా వచ్చి ఆ పార్క్ కి వెళ్తే అక్కడే అలాగే నిలబడి దిగాలనుకుంటారు. అందుకే ఉత్తరం పెద్దదైనా సరే అని రాస్తున్నా.

అక్కడ రూల్ ఏంటంటే, ఎలిగేటర్ కి కనీసం 30 అడుగుల దూరంలో ఉండాలి. అంటే రెండు పెద్ద కార్లు ఒకదాని వెనక ఒకటి పెడితే ఎంత పొడవు ఉంటుందో దాదాపు అంత. గేటు దగ్గర, ట్రెయిల్ మొదట్లో, అన్నిచోట్లా బోర్డులు ఉంటాయి. ఎలిగేటర్ రాయిలాగా కదలకుండా పడుంటుంది కాబట్టి జనం మోసపోతారు. దానికి మనలాగా ఒంట్లో వేడి పుట్టదు, ఎండలో పడుకుని వేడెక్కితేనే తిన్నది అరుగుతుంది, కదలడానికి ఓపిక వస్తుంది, అందుకే చలి తగ్గి ఎండ వచ్చిన రోజుల్లో గట్ల మీద, ఒక్కోసారి నడిచే దారి మీదే అడ్డంగా పడుకుని ఉంటాయి. నిద్రపోతోంది అనుకుంటాం, నిద్ర కాదు. కొద్ది దూరమే అయినా అది మనిషి ఊహించనంత వేగంగా దూకుతుంది. బుస్సుమని శబ్దం చేసిందంటే నువ్వు బాగా దగ్గరికొచ్చావు వెనక్కి పో అని చెబుతున్నట్టు, అప్పుడు మెల్లగా వెనక్కి నడవాలి. ఇంకోటి, దానికీ నీళ్ళకీ మధ్యలో మాత్రం అస్సలు నిలబడకూడదు, భయమేస్తే అది పారిపోయేది నీళ్ళలోకే కాబట్టి మనం దాని దారికి అడ్డంగా ఉన్నట్టు అవుతుంది. మీ ఫొటోలో ఆ పిల్లాడు సరిగ్గా అక్కడే ఉన్నాడు. వెనకాల కనిపిస్తున్నవి చెరువు నీళ్ళే.

ఇదంతా చదివి అమ్మో అక్కడికి వెళ్ళనే వద్దు అనుకుంటారేమో, దయచేసి అలా అనుకోవద్దు, నాకు ఈ దేశంలో అన్నిటికంటే నచ్చిన చోటు అదే. 1984లో జనానికి తెరిచారట, దాదాపు 5,000 ఎకరాలు, బ్రాజోస్ నది పక్కన. ఆ నదికి పాత స్పానిష్ పేరుకి దేవుడి చేతులు అని అర్థం అని విని మా అమ్మ అక్కడే దణ్ణం పెట్టుకుంది. ఫార్టీ ఏకర్ లేక్, ఎల్మ్ లేక్, క్రీక్‌ఫీల్డ్ లేక్ అని చెరువులు, వాటి చుట్టూ గట్లు, గట్ల మీద నడిచే దారులు, పెద్ద పెద్ద ఓక్ చెట్లు, వాటి కొమ్మల నుంచి బూడిదరంగు జడల్లాగా వేలాడే స్పానిష్ మాస్. 300 రకాలకు పైగా పక్షుల్ని చూశారట అక్కడ. క్రీక్‌ఫీల్డ్ చుట్టూ ఉన్న దారి చిన్నది, చదునుగా ఉంటుంది, వీల్ చెయిర్ కూడా వెళ్తుంది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు మొదట అక్కడికే వెళ్ళండి.

పోయిన ఏప్రిల్ లో అమ్మానాన్న మా దగ్గరే ఉన్నారు. ఆరు నెలలకి వచ్చినవాళ్ళు, మొదటి నెల షాపులు చూశారు, గుళ్ళు చూశారు, ఆ తర్వాత మేం ఆఫీసులకి పిల్లలు స్కూళ్ళకి వెళ్ళిపోతే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు, నాన్నకైతే మరీ కష్టం, జన్మంతా పొలంలో తిరిగిన మనిషి, కిటికీలోంచి పక్కింటి లాన్ ని ఎంతసేపని చూస్తారు. అందుకని రెండు రాత్రులు క్యాంపింగ్ కి తీసుకెళ్ళాం. టెంట్ లో కింద పడుకోలేరని వాళ్ళకి స్క్రీన్డ్ షెల్టర్ తీసుకున్నాం, అంటే పైన కప్పు, చుట్టూ దోమల జాలీ ఉన్న చిన్న గది లాంటిది, మంచాలు పరుపులు మనమే తెచ్చుకోవాలి. మేం, పిల్లలు పక్కనే టెంట్ లో. చోటు దొరకడం మాత్రం అంత సులువు కాదు, క్యాంపింగ్ కి ఐదు నెలల ముందు నుంచే ఆన్‌లైన్ లో బుక్ చేసుకోవచ్చు కాబట్టి శని ఆదివారాలు తొందరగా అయిపోతాయి, పగలు ఊరికే చూసి రావడానికి కూడా పాస్ ముందే తీసుకుంటే మంచిది, నిండిపోతే గేటు దగ్గర నుంచే వెనక్కి పంపిస్తారు. మేం వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకి మనిషికి 7 డాలర్లు, 12 ఏళ్ళ దాకా పిల్లలకి ఫ్రీ. దోమల మందు తప్పనిసరి. గడ్డిలో ఎర్రచీమల పుట్టలుంటాయి, చెప్పుల్లో కాదు బూట్లలో వెళ్ళాలి. తినేవి బయట వదిలితే రాత్రి రకూన్లు అనే చిన్న జంతువులు వచ్చి సంచులు చించేస్తాయి, మా అమ్మ చేసిచ్చిన జంతికలు మొదటి రాత్రే అలా పోయాయి, ఆ తర్వాత అన్నీ కారులో పెట్టి తాళం వేశాం.

మొదటిరోజు సాయంత్రం గట్టు మీద నడుస్తుంటే నాన్న ఠక్కున ఆగి "అమ్మాయ్, ఇది గుర్రపుడెక్క కాదూ" అన్నారు. నిజమే, వాటర్ హయసింత్, అదే ఊదారంగు పువ్వు, అదే ఉబ్బిన కాడ. మన కాలవల్ని పూడ్చేసే మొక్కే ఇక్కడ కూడా చెరువులకి పెద్ద తలనొప్పి అని చెబితే ఆయన మొహంలో ఏదో తెలిసినవాళ్ళు కనిపించినంత వెలుగు. అక్కణ్ణుంచి ఇంక ఆయన్ని ఆపలేకపోయాం. తెల్ల కొంగల్ని చూసి ఇవి దుక్కిలో మా నాగలి వెనకాల వచ్చేవే అంటారు, పాములాంటి మెడ బయటపెట్టి ఈదే ఎన్‌హింగా అనే పక్షి గట్టెక్కి రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటుంటే అరగంట చూశారు. దాని రెక్కలు బాతు రెక్కల్లాగా నీళ్ళంటకుండా ఉండవు, తడిసి బరువెక్కితేనే అది లోతుకి మునిగి చేపని పొడవగలదు, అందుకే బయటికొచ్చాక ఆరబెట్టుకోక తప్పదు. తామరాకుల మీద పసుపు కాళ్ళతో నడిచే నీలం ఊదా రంగుల నీటికోడి ఉంటుంది, పర్పుల్ గాలిన్యూల్ అంటారు, అది వేసవికే వస్తుంది. గులాబీ రంగు తెడ్డుమూతి కొంగలు, రోజియేట్ స్పూన్‌బిల్ అంటారు వాటిని, అవి తినే రొయ్యల్లాంటి చిన్న ప్రాణుల్లో ఉన్న రంగే వాటి ఈకల్లోకి వస్తుందట. మా చిన్నది అయితే నేను కూడా రొయ్యలు తింటే పింక్ అవుతానా అని రెండ్రోజులు అడిగింది.

ఒకప్పుడు ఈ కొంగల్ని ఆడవాళ్ళ టోపీల్లో పెట్టుకునే ఈకల కోసం వేలకి వేలు కాల్చి చంపేవాళ్ళట, పిల్లలున్న గూళ్ళ దగ్గరే, ఎందుకంటే ఆ మంచి ఈకలు వచ్చేది గుడ్లు పెట్టే కాలంలోనే. 1918లో వలస పక్షుల చట్టం వచ్చాక అది ఆగింది. ఎలిగేటర్ల కథా అంతే, తోలు కోసం వేటాడి వేటాడి అయిపోయే దశకొస్తే 1967లో అంతరించిపోయే ప్రాణుల లిస్టులో పెట్టి కాపాడారు, 1987లో ఇంక ప్రమాదం లేదు కోలుకున్నాయి అని తీసేశారు. ఇరవై ఏళ్ళలో. ఈరోజు మనం గట్టు మీద నిలబడి ఒకే చెరువులో పది కళ్ళు లెక్కపెట్టగలుగుతున్నామంటే ఎవరో అప్పుడు పట్టుబట్టి ఆపబట్టే కదా.

రెండోరోజు తెల్లవారుజామున అమ్మ నన్ను లేపి "ఎవరో ట్రాక్టర్ స్టార్ట్ చేస్తున్నారే, ఇక్కడ పొలాలున్నాయా" అంది. ట్రాక్టర్ కాదు, మగ ఎలిగేటర్ల గర్జన. వసంతంలో జత కోసం అలా అరుస్తాయి, ఒకటి మొదలుపెడితే చెరువు చెరువంతా అందుకుంటుంది. అరుపుకి ముందు మన చెవికి అందనంత కింది స్థాయి ధ్వని ఒకటి వస్తుంది, దానికి వాటి వీపు మీద ఉన్న నీళ్ళు పెనం మీద చుక్కల్లాగా ఎగురుతాయి. అందరం లేచి టార్చ్ లు పట్టుకుని ఫార్టీ ఏకర్ లేక్ పక్కనున్న టవర్ ఎక్కాం. ఇంకా చీకటే, టార్చ్ వేస్తే నీళ్ళ మీద ఎర్రగా నిప్పుకణికల్లాగా కళ్ళు. పైన ఉన్నాం కాబట్టి ఎవరికీ భయం లేదు, వాటికీ ఇబ్బంది లేదు, గంటసేపు ఎవరం మాట్లాడలేదు, మా పిల్లలు అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను అదే చూడటం.

ఆరోజే పదకొండు గంటలప్పుడు ఎల్మ్ లేక్ దగ్గర, చేపలు పట్టుకునే చెక్క వంతెన మీద, మనవాళ్ళే ఓ పెద్ద గుంపు. తెలుగు వినిపించగానే సంతోషంగా పలకరిద్దామని వెళ్ళాం. వాళ్ళ పిల్లలు బ్రెడ్ ముక్కలు చించి తాబేళ్ళకి వేస్తున్నారు, ఆ బ్రెడ్ కోసం చేపలు, వాటి కోసం ఓ ఆరేడు అడుగుల ఎలిగేటర్ మెల్లగా వంతెన కిందకి వచ్చింది, ఇంక చూడండి, అందరూ దానికే విసరడం మొదలుపెట్టారు. నేను ఆగలేక వద్దండీ అన్నాను. వాళ్ళలో ఒక పెద్దావిడ చాలా మెత్తగా "పాపం ఆకలేసి వచ్చిందమ్మా, నోరు లేని జీవానికి ఇంత పెడితే పుణ్యమే కదా" అన్నారు. ఆవిడ మాటలో తప్పేం లేదు, చీమలకి చక్కెర వేసి, కాకికి ముద్ద పెట్టి, కోనేట్లో చేపలకి పేలాలు వేసి పెరిగినవాళ్ళం మనం. నాకు ఏం చెప్పాలో తెలియక ఒక్క నిమిషం నోరు రాలేదు.

అప్పుడు నాన్న చెప్పారు ఆవిడకి. "అమ్మా, దీనికి ఇప్పుడు మనిషంటే భయం. ఆ భయమే దాన్నీ మన పిల్లల్నీ ఇద్దర్నీ కాపాడుతోంది. నాలుగు రోజులు తిండి వేస్తే మనిషి కనిపించగానే తిండి అనుకుని వస్తుంది, ఐదోరోజు ఇంకెవరో పసివాడు ఉత్త చేతులతో నిలబడితే ఆ చేతి కోసం వస్తుంది. అప్పుడు పార్క్ వాళ్ళు ఏం చేస్తారు, దీన్ని ఉంచరు కదా." అది అక్షరాలా నిజం, మనుషులకి అలవాటుపడిన ఎలిగేటర్ ని పట్టుకుని తీసేయాల్సి వస్తుంది, చాలాసార్లు అంటే చంపేయడమే. వేరే చోట వదిలినా మనిషి దగ్గరికి వచ్చే అలవాటు పోదు. మనం వేసిన బ్రెడ్ ముక్క దాని పాలిట ఉరితాడు. టెక్సస్ లో ఎలిగేటర్ కి తిండి పెట్టడం నేరం కూడా, 500 డాలర్ల దాకా ఫైన్ ఉంటుంది. ఆవిడ వెంటనే పిల్లల చేతుల్లోంచి బ్రెడ్ తీసేసుకుని సంచిలో పెట్టేశారు, "నాకు తెలీదమ్మా, ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఈ మాట కోసమే మీకు రాస్తున్నానండి. ఎవరూ చెప్పలేదు. బోర్డులన్నీ ఇంగ్లిష్ లో ఉంటాయి, పెద్దవాళ్ళు చదవరు, పిల్లలు ఫోన్లలో ఉంటారు, మనవాళ్ళకి తెలుగులో చెప్పేది మీరే, మీరు వేసిన ఫొటో చూస్తే మాత్రం దగ్గరికి వెళ్ళి నిలబడండి అని చెప్పినట్టుంది.

తర్వాత ఆవిడా మా అమ్మా బెంచీ మీద కూర్చుని ఊళ్ళు, పెళ్ళిళ్ళు అన్నీ మాట్లాడుకున్నారు లెండి. వాళ్ళ పిల్లలకి మా బైనాక్యులర్స్ ఇస్తే, అవతలి ఒడ్డున తల్లి ఎలిగేటర్, దాని వీపు మీద పసుపు చారలున్న బుల్లి బుల్లి పిల్లలు కనిపించాయి, పోయిన ఏడాది పొదిగినవి. ఈ తల్లి విషయం ఒకటి చెప్పాలి. గడ్డీ గాదం కుప్ప పోసి అందులో గుడ్లు పెట్టి, ఆ గడ్డి కుళ్ళే వేడికీ ఎండకీ అవి పొదుగుతుంటే రెండు నెలలకి పైగా పక్కనే కాపలా కాస్తుంది. గూటిలో ఎంత వేడి ఉందన్నదాన్ని బట్టి ఆడా మగా తేలుతుంది, సుమారు 30 డిగ్రీలుంటే ఆడవి, 33 దగ్గర మగవి. గుడ్డులోంచే పిల్లలు కీచుకీచుమని పిలుస్తాయి, ఆ పిలుపు విని తల్లి గూడు తవ్వి, ఎముకలు నలిపే ఆ నోట్లోనే పిల్లల్ని పెట్టుకుని నీళ్ళలో దించుతుంది. అంత చేసినా కొంగలు, రకూన్లు తినగా మిగిలేవి కొన్నే, ఏడాదికి పైగా తల్లి వాటి దగ్గర్లోనే ఉంటుంది. అలాంటి తల్లి దగ్గర్లో ఉందో లేదో తెలియకుండా పిల్లాణ్ణి గట్టు మీద నిలబెట్టి ఫొటో తీయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

వాలంటీర్ పెద్దాయన మా పిల్లలకి ఇంకో లెక్క నేర్పారు. ముక్కు చివర నుంచి కళ్ళ దాకా ఎన్ని అంగుళాలుంటే ఎలిగేటర్ దాదాపు అన్ని అడుగులు. నీళ్ళ పైన అరచేయంత కనిపిస్తే కింద ఏడడుగులది ఉందన్నమాట. చిన్నదే కదా అని నీళ్ళ అంచున కూర్చునేవాళ్ళకి ఈ ఒక్క లెక్క చెప్పినా చాలు. ఈత కొట్టడం, నీళ్ళలో దిగడం అక్కడ ఎలాగూ లేదు. కుక్కని తీసుకెళ్తే ఆరు అడుగులకి మించని తాడుతో, నీళ్ళకి దూరంగా.

సందర్భం వచ్చింది కాబట్టి సౌండ్ గురించి కూడా. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా క్యాంప్ లో నిశ్శబ్దం పాటించాలి, అది రూల్. మా రెండో రాత్రి దూరంగా ఏదో సైట్ లోంచి స్పీకర్ మోగుతూనే ఉంది, ఏ భాష పాటలో నేను చెప్పను. అది ఆగాక కప్పల గోల మొదలైంది, ఎక్కడో గుడ్లగూబ అరిస్తే అమ్మ అపశకునం అని లేచి కూర్చుంది, నాన్న "దాని ఇంట్లో మనం పడుకుని దాన్ని అపశకునం అంటావేంటే" అని దుప్పటి కప్పుకున్నారు. శనివారం రాత్రుళ్ళు ఆ పార్క్ లోనే ఉన్న జార్జ్ అబ్జర్వేటరీలో పెద్ద టెలిస్కోప్ లోంచి ఆకాశం చూపిస్తారు, 36 అంగుళాల అద్దం, నాన్న జీవితంలో మొదటిసారి అలాంటి దాంట్లోంచి చూశారు.

ఇంకొక్క మాట. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు ఈ పార్క్ మునిగిపోయి చాలా రోజులు మూసేశారు, మా వీధుల్లోనూ నీళ్ళే. అప్పుడు అర్థమైంది ఇలాంటి తడి నేలలు ఎంత నీటిని పట్టి ఉంచుతాయో, అవి కూడా ఇళ్ళ ప్లాట్లు అయిపోయుంటే ఆ నీళ్ళు ఎక్కడికి పోయేవో. 2023 నవంబర్ లో టెక్సస్ లో కొత్త స్టేట్ పార్క్ ల కోసం వంద కోట్ల డాలర్ల నిధికి జనం ఓటేసి ఒప్పుకున్నారు. అందుకని రాబోయే రోజుల్లో ఇలాంటి చోట్లు ఇంకా పెరుగుతాయి, మనవాళ్ళు ఇంకా వెళ్తారు, మీరూ ఇంకా రాస్తారు.

కాబట్టి నేను అడిగేది రెండే. ఆ ఫొటో ఆన్‌లైన్ లో ఇంకా ఉంది, దయచేసి తీసేయండి, లేకపోతే కనీసం ఆ క్యాప్షన్ మార్చి 30 అడుగులు అన్నది రాయండి. ఇకమీదట ఇలాంటి పార్క్ ల గురించి రాసినప్పుడు తిండి పెట్టకూడదు అన్న ముక్క తెలుగులో, పెద్దవాళ్ళకి కనిపించేంత పెద్ద అక్షరాల్లో వేయండి.

ఫొటో తీసేస్తే ఖాళీ అవుతుంది కదా, దాని బదులు వేసుకోవడానికి ఒకటి పంపిస్తున్నాను. టవర్ మీద నుంచి మా అబ్బాయి తీసింది. అందులో నాన్న రెయిలింగ్ పట్టుకుని చూస్తున్నారు, ఎదురుగా చెరువంతా పొద్దుటి మంచు, ఎలిగేటర్ చాలా చిన్నగా ఉంటుంది, కుడివైపు తామరాకుల మధ్యలో రెండు నల్లటి బొడిపెల్లా కనిపిస్తుంది, కాస్త వెతకాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
హ్యూస్టన్, టెక్సస్